జాంగో డాక్స్‌తో ఆరేళ్లు, ఒక లాగౌట్ గొడవ

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాస్తున్నది దాని డాక్యుమెంటేషన్ గురించి, అందులోనూ పేజీ కింద కుడి మూలన ఉండే చిన్న వెర్షన్ గడి గురించి.

2019లో 2.2తో మొదలుపెట్టాను. డబ్బు కట్టి చూసిన వీడియో కోర్సేమో 1.8 కాలం నాటిది. ఫారిన్ కీ (ఒక పట్టికని ఇంకో పట్టికతో కలిపే ఫీల్డ్) రాస్తే 'ఆన్ డిలీట్' (అటువైపు వరస తీసేస్తే ఏం చేయాలో చెప్పే మాట) లేదని ఎర్రర్. నెట్‌లో వెతికితే అదీ 1.8 పేజీకే తీసుకెళ్లింది. కాకపోతే ఆ పేజీ నెత్తినే, ఈ వెర్షన్‌కి సపోర్ట్ ఆగిపోయిందని హెచ్చరిక ఉంది. మూలన 2.2 నొక్కితే అదే పేజీ కొత్త రూపంలో తెరుచుకుంది. ఆన్ డిలీట్ తప్పనిసరి అని అక్కడుంది. మూడు రోజుల కుస్తీ ఒక్క నొక్కుతో తీరింది. అప్పట్నుంచి ఎవరడిగినా 'వీడియోలు తర్వాత, ముందు డాక్స్ చదవండి' అనేవాణ్ణి.

ఈమధ్య ఆ మాట కాస్త మెల్లగా అంటున్నాను.

తెనాలిలో మా మేనమామ ఎరువుల కొట్టుకి బిల్లింగ్ సైట్ రాసిచ్చాను. 4.2కి సపోర్ట్ 2026 ఏప్రిల్ వరకే కదా అని ఒక శనివారం రాత్రి 5.2కి మార్చాను. ఒక బిల్లు కొట్టి చూశాను, వచ్చింది, పడుకున్నాను. సోమవారం సాయంత్రం మామయ్య ఫోన్: "ఏరా, పొద్దుటి కుర్రాడు ఇంటికెళ్లాడు గానీ వాడి పేరు తెర మీంచి దిగట్లేదు. మధ్యాహ్నం నుంచి బిల్లులన్నీ వాడి ఖాతాలోకే పోతున్నాయి."

లాగౌట్ లింక్ నొక్కితే 405, అంటే ఈ రకం రిక్వెస్ట్ ఒప్పుకోనని ఎర్రర్. డాక్స్ తెరిస్తే, పోస్ట్ రిక్వెస్ట్ (లింక్ నొక్కితే కాదు, ఫారంలో బటన్ నొక్కితే వెళ్లే రకం) వస్తే లాగౌట్ చేస్తుంది అని ఒక్క ముక్క ఉంది. ఎప్పుడు మారిందో లేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత 'ఇందులో మారింది' గుర్తులు తీసేస్తారు. 5.2 పేజీల్లో 5.1, 5.2 మార్పులే కనిపిస్తాయి. ఇది మారింది 5.0లో. చివరికి ఆ వెర్షన్ మార్పుల చిట్టాలో, అంటే రిలీజ్ నోట్స్‌లో దొరికింది. 4.1లోనే ముందుగా చెప్పారట; వార్నింగ్‌లు ఆన్ చేసి ఒక్కసారి నడిపినా తెలిసేది. నేనెప్పుడూ నడపలేదు.

మార్పులో న్యాయం ఉంది. ఉత్త లింక్ అయితే వేరే సైట్‌లో ఎవరో పెట్టిన లింక్ నొక్కినా మనం లాగౌట్ అయిపోతాం. లింక్ తీసి ఫారం, బటన్ పెట్టడానికి ఐదు నిమిషాలు. బిల్లుల మీద పేర్లు సరిచేయడానికే రెండు గంటలు పట్టింది.

కొత్తవాళ్ల సంగతి. 'సులభంగా', 'ఊరికే' లాంటి మాటలు వాడొద్దని డాక్స్ రాసేవాళ్లకి జాంగోలో ఒక నియమం ఉంది. అది నాకు భలే నచ్చింది. ఇరుక్కుపోయి కూర్చున్నవాడికి 'ఇది చాలా ఈజీ' అని చదివితే ఒళ్లు మండుతుంది. కానీ ట్యుటోరియల్ పైథాన్ వచ్చనుకునే మొదలవుతుంది. బీకాం చదివిన మా చెల్లెలు నాలుగో భాగంలో, ఫారంల దగ్గర ఆగిపోయింది. అడ్మిన్ తెరలకి తెలుగుంది గానీ డాక్స్‌కి లేదు.

ప్రతి వెర్షన్‌కీ మారేవాళ్లకి ఈ డాక్స్ చాలు. నాలా రెండేళ్లకోసారి, ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్ అయిన ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కి దూకేవాళ్లు మాత్రం మధ్యలో వచ్చిన రిలీజ్ నోట్స్ అన్నీ పక్కన తెరిచి పెట్టుకోవాలి. 5.2కి 2028 ఏప్రిల్ దాకా సపోర్ట్ ఉంది. అప్పటిదాకా మామయ్య నన్ను సైట్ ముట్టుకోనిచ్చేలా లేడు.