దీర్ఘకాలిక మెడనొప్పికి ఫిజియోథెరపీ: ఏ చికిత్సకు డబ్బు పెట్టవచ్చు?

మూడు నెలలు దాటినా తగ్గని మెడనొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. ఆ దశకు చేరినవారికి ఇంటా బయటా దొరికే మొదటి సలహా ఫిజియోథెరపీ చేయించుకోమనే. అయితే ఆ ఒక్క మాట కింద కరెంటు పెట్టడం, కాపడం, అల్ట్రాసౌండ్, ట్రాక్షన్ (మెడను లాగడం), చేత్తో చేసే చికిత్స, సూదులు, టేపు, వ్యాయామం అన్నీ చేరిపోతాయి. వీటి ఖర్చు ఒకటి కాదు, ఫలితమూ ఒకటి కాదు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం వల్ల మెడ పట్టేసి, నొప్పి భుజం దాకా దిగడంతో నేను హైదరాబాదులో కాలనీ క్లినిక్కుకూ, ఒక పెద్ద ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగానికీ, ఆ తర్వాత ఒక్క థెరపిస్టే నడుపుకునే చిన్న క్లినిక్కుకూ వెళ్లాను. అక్కడ చేయించుకున్నవాటిని, వాటి గురించి తెలుసుకున్న విషయాలతో కలిపి ఇక్కడ పోల్చి చెబుతున్నాను.

చికిత్సల కన్నా ముందు పరీక్ష గురించి చెప్పాలి. కాలనీ క్లినిక్కులో నా మెడను ఎవరూ ముట్టుకోలేదు. ఎంఆర్ఐ రిపోర్టు చూసి, డిస్కు ఉబ్బిందనీ ఎముక అరిగిందనీ చెప్పి, వెంటనే ప్యాకేజీ రాశారు. రిపోర్టులోని ఆ మాటలకు భయపడిపోయేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. జపాన్‌లో మెడకు సంబంధించిన ఏ బాధా లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్కు ఉబ్బు కనిపించిందని 2015లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఇరవైల వయసులో ఉన్నవారిలో కూడా అధికులకు అది ఉంది. కాబట్టి చిత్రంలో కనిపించినదే నొప్పికి కారణమని చెప్పడానికి వీల్లేదు. అమెరికాలోని ఫిజికల్ థెరపిస్టులు 2017లో సవరించిన మార్గదర్శకాలు మెడనొప్పిని నాలుగు రకాలుగా విడదీస్తాయి: మెడ తిరగకుండా బిగుసుకుపోయేది, దెబ్బ తగలడం వంటి కారణాలతో కదలికల మీద పట్టు తప్పేది, తలనొప్పితో కలిసి వచ్చేది, చేతిలోకి పాకేది. ఒక్కోదానికి చికిత్స ఒక్కోలా ఉంటుంది. తలను రెండు వైపులా తిప్పించి, చేతుల బలం చూసి, స్పర్శ తెలుస్తోందో లేదో పరీక్షించి, మోచేతి దగ్గర సుత్తితో తట్టి చూసిన తర్వాతే చికిత్స మొదలుపెట్టే చోటు దొరికితే సగం పని అయినట్లే.

ఇక యంత్రాల సంగతి. మన క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించేది ఐఎఫ్‌టీ (ఇంటర్‌ఫరెన్షియల్ థెరపీ), అంటే మనం కరెంటు పెట్టడం అనేది. దాదాపు 4,000 హెర్ట్జ్ దగ్గర, కొద్దిపాటి తేడాతో నడిచే రెండు విద్యుత్ ప్రవాహాలను నాలుగు ప్యాడ్ల ద్వారా పంపిస్తే అవి లోపల కలిసేచోట తక్కువ పౌనఃపున్యపు స్పందన పుడుతుంది. చర్మానికి చురుకు తగలకుండా లోతుకు చేరడమే దీని ఉద్దేశం. చర్మం మీద అంటించే ప్యాడ్ల ద్వారా నరాలకు కరెంటు పంపే, చిన్న పెట్టెలో వచ్చే టెన్స్ కూడా దీనికి దగ్గరి బంధువే. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ రెంటికీ ఆధారం. కరెంటు పెట్టినంతసేపూ, ఆ తర్వాత కొన్ని గంటలపాటూ నాకు హాయిగానే ఉండేది. మరునాడు పని మొదలుపెట్టగానే నొప్పి మళ్లీ అదే చోటికి వచ్చేది. జెల్ రాసి గుండ్రంగా తిప్పే అల్ట్రాసౌండ్ వల్ల నాకు తేడా ఏమీ తెలియలేదు. దీర్ఘకాలిక మెడనొప్పిలో దాని మేలుకు చూపించే ఆధారాలు కూడా బలహీనంగానే ఉన్నాయి. షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే యంత్రం రేడియో తరంగాలతో లోపలి కండరాలకు వేడినిస్తుంది గాని, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దాని దగ్గరికి కూడా పోకూడదు. వేడే కావలసివస్తే ఇంట్లో వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టుకుంటే చాలునని నా అభిప్రాయం. సిట్టింగుకు నాలుగైదు వందలు తీసుకుని యంత్రం తగిలించి, సహాయకుడిని పక్కన పెట్టి వెళ్లిపోయే చోట ముందుగానే ప్యాకేజీ డబ్బు కట్టవద్దని గట్టిగా చెబుతాను.

ట్రాక్షన్‌ను అందరికీ ఒకే మందులా వాడటం నేను చూశాను, అది సరికాదు. నరం ఒత్తుకుని నొప్పి, తిమ్మిరి చేతిలోకి దిగేవారికి, కొన్ని సెకన్లు లాగి కొన్ని సెకన్లు వదిలే పద్ధతిలో, వ్యాయామంతోనూ చేతి చికిత్సతోనూ కలిపి ఇస్తే ప్రయోజనం ఉండవచ్చని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి. నొప్పి మెడ దాటనివారికి అది ఎందుకో అడిగి తెలుసుకోవాలి. గడ్డం కింద పట్టీ వేసి లాగే పాత రకం పరికరంలో బరువంతా దవడ మీద పడుతుంది. పెద్ద ఆసుపత్రిలో తల వెనుక భాగాన్ని పట్టుకుని లాగే పరికరం ఉండేది, దానితో దవడకు ఆ బాధ లేదు. మెడకు పట్టీని నెలల తరబడి పెట్టుకునేవారిని కూడా అక్కడ చూశాను. అలా పెట్టుకుంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

చేత్తో చేసే చికిత్స యంత్రాల కన్నా చాలా మెరుగని నా అనుభవం. ఆస్ట్రేలియాకు చెందిన మెయిట్లాండ్ పద్ధతిలో థెరపిస్టు బొటనవేళ్లతో ఒక్కొక్క వెన్నుపూసను మెల్లగా, కొలిచినట్లుగా నొక్కుతారు. న్యూజీలాండ్‌కు చెందిన మల్లిగన్ పద్ధతిలో థెరపిస్టు పూసను ఒక దిక్కుకు పట్టి ఉంచితే, తల తిప్పవలసింది మనమే. ఎడమకు తిరగని నా మెడ ఆ పట్టులో ఉండగా నొప్పి లేకుండా తిరిగింది. ఆ వెసులుబాటు తొందరగానే వస్తుంది, కానీ దాన్ని నిలబెట్టుకోవాలంటే వ్యాయామం కావాలి. అమెరికాలో దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 191 మందిపై జరిగి, 2001లోనూ, రెండేళ్ల ఫలితాలతో 2002లోనూ వెలువడిన అధ్యయనంలో, చేతి చికిత్స ఒక్కటే పొందినవారి కన్నా దానికి వ్యాయామం జోడించినవారు రెండేళ్ల తర్వాత కూడా మెరుగ్గా ఉన్నారు. మెడను ఒక్కసారిగా తిప్పి చప్పుడు చేయించడం మాత్రం వేరే సంగతి. మంగలి షాపులో తల మసాజు చివర మెడ విరిపించుకునే అలవాటు ఉన్నవారు దయచేసి మానుకోండి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళానికి దెబ్బ తగిలితే పక్షవాతం రావచ్చు.

మందు లేని సన్నటి సూదిని కండరంలోకి గుచ్చే డ్రై నీడ్లింగ్ వల్ల భుజం పైన గడ్డకట్టినట్లుండే కండరం వదులైంది, అయితే అక్కడ సూది లోతు తప్పితే ఊపిరితిత్తికి ప్రమాదం కాబట్టి శిక్షణ పొందినవారి చేతనే చేయించుకోవాలి. చర్మం మీద అంటించే రంగురంగుల టేపు గురించి చెప్పవలసింది పెద్దగా లేదు.

నాకు నిజంగా మేలు చేసింది చిన్న క్లినిక్కులో నేర్పిన వ్యాయామం. మొదటి పాఠం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఫిజియోథెరపిస్టు గ్వెండలిన్ జల్ బృందం వాడుకలోకి తెచ్చిన పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి, బీపీ చూసే పట్టీ లాంటి చిన్న గాలిసంచీని మెడ కింద పెట్టి, ఒత్తిడి చూపే ముల్లు 20 దగ్గర నిలిచేలా గాలి నింపుతారు. అవునన్నట్లుగా గడ్డాన్ని కొద్దిగా వంచి ముల్లును 22కు తెచ్చి 10 సెకన్లు నిలపాలి; ఆ తర్వాత 24, 26, అలా 30 వరకు. చూడడానికి ఇందులో శ్రమే లేదనిపిస్తుంది. కానీ నేను 24 దగ్గరే వణికాను. మెడ ముందువైపు తాళ్లలాంటి కండరాలు పైకి తేలగానే థెరపిస్టు వేలు పెట్టి చూపించి, 'ఇవి పనిచేయకూడదండీ, లోపలివి పనిచేయాలి, మళ్లీ మొదలుపెట్టండి' అని ఓపికగా చెప్పారు. ఐదారు కిలోల దాకా బరువుండే తలను నిలబెట్టే లోపలి కండరాలు ఎంత నీరసించిపోయాయో ఏ యంత్రమూ నాకు చెప్పలేదు.

అక్కడి నుంచి రబ్బరు బ్యాండుతో, ఆపైన చిన్న డంబెల్స్‌తో బలం పెంచడం మొదలైంది. ఫిన్లాండ్‌లో 180 మంది మహిళా కార్యాలయ ఉద్యోగులపై ఏడాదిపాటు జరిపి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, బలం పెంచే వ్యాయామం చేసినవారికీ, తేలిక బరువుతో ఓర్పు పెంచే వ్యాయామం చేసినవారికీ నొప్పి బాగా తగ్గింది. సాగదీసే వ్యాయామాలూ నడకా వంటి సలహాలతో సరిపెట్టినవారికి అంత తగ్గలేదు. అంత సమయం ఎక్కడిదనేవారి కోసం డెన్మార్క్‌లో 198 మందిపై జరిగిన మరో అధ్యయనం ఉంది. వారానికి ఐదు రోజులు, రోజుకు కేవలం 2 నిమిషాలు రబ్బరు ట్యూబుతో చేతులను పక్కలకు ఎత్తినవారికి కూడా 10 వారాల్లో మెడ, భుజాల నొప్పి తగ్గింది. బ్యాండు ఖరీదు ఒక్క సిట్టింగు ఖర్చుకు మించదు. మొదటి వారాల్లో కండరాలు సలిపితే కంగారుపడి మానేయకూడదు. నొప్పి చేతిలోకి దిగితే మాత్రం ఆపి థెరపిస్టుకు చెప్పాలి.

అందుకే క్లినిక్కును ఎంచుకునేటప్పుడు నేను చూసేది యంత్రాల సంఖ్యను కాదు. వ్యాయామం రాసిచ్చి వదిలేస్తున్నారా, తర్వాతిసారి చేయించి చూసి బరువు పెంచుతున్నారా అన్నదే నాకు ముఖ్యం. పెద్ద ఆసుపత్రిలో పరీక్ష చక్కగా చేశారు గాని వెళ్లిన ప్రతిసారీ కొత్త థెరపిస్టు ఎదురవడంతో వ్యాయామం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. చిన్న క్లినిక్కులో సిట్టింగుకు ఎక్కువే తీసుకున్నారు, కానీ వారానికి ఒకసారి వస్తే చాలన్నారు కాబట్టి మొత్తం ఖర్చు తక్కువే అయింది. ఖర్చు భరించలేనివారు హైదరాబాదులో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ వంటి ఫిజియోథెరపీ కళాశాల ఉన్న ప్రభుత్వ రంగ ఆసుపత్రులను అడిగి చూడవచ్చు. చేతిలో వస్తువులు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి నొప్పి వచ్చినా ఏ క్లినిక్కుకూ వెళ్లకుండా నేరుగా న్యూరాలజిస్టునో ఎముకల డాక్టరునో కలవాలి.