బైపాస్‌కి కాలి సిరా, ఛాతీ ధమనా?

కాలి సిరలో మామూలుగా కొలెస్ట్రాల్ పేరుకోదు. పడుకున్నప్పుడు అక్కడి ప్రెషర్ 10 చుట్టుపక్కలే ఉంటుంది. అదే సిరను తీసి, బ్లాకును దాటించి రక్తం పారేలా గుండెకు కుట్టగానే 120/80 రక్తపోటు మొదలవుతుంది. గోడ మందమెక్కుతుంది, లోపలి పొర దెబ్బతింటుంది, కొవ్వు చొరబడుతుంది. పదేళ్లకు దాదాపు సగం సిరలు మూసుకుపోతాయి. రక్తం ఆ మనిషిదే, కొలెస్ట్రాలూ అదే. మారింది చోటు, ప్రెషర్!

ఛాతీ ఎముక వెనక ధమనికి ఆ పోటు పుట్టుకతోనే అలవాటు. రక్తం సాఫీగా పారుతుంటే దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తూ గోడను కాపాడుతుంది. పదేళ్ల తర్వాతా పదింట తొమ్మిది తెరిచే ఉంటాయి. గుండె ముందువైపు పెద్ద నాళానికి సర్జన్లు దీన్నే ఎంచుకుంటారు.

మిగతా బ్లాకులకు చాలామందికి సిరే వేస్తారు. వాళ్లు నొప్పి తగ్గిందని డాక్టర్‌ని అడక్కుండా బీపీ మాత్ర, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేస్తే నాకు నిజంగా భయమేస్తుంది.