వానలో బ్రెవే: ముందు మడ్‌గార్డులు, తర్వాతే జాకెట్

వానాకాలంలో మొదటిసారి బ్రెవేకి, అంటే గడువు పెట్టి తొక్కించే దూరప్రయాణపు సైకిల్ రైడ్‌కి, పేరిచ్చినవాళ్లు ముందుగా అడిగేది జాకెట్ గురించే. ఏది కొనాలి, ఎంత పెట్టాలి అని. చాలా ఏళ్లుగా ఒకే స్టీలు సైకిల్ మీద విజయవాడ హైవేలోనూ బెంగళూరు హైవేలోనూ తడుస్తూ తొక్కుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నా, జాకెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మడ్‌గార్డులు బిగించుకోండి. మన వానల్లో పైనుంచి పడే నీళ్లతో అంత ఇబ్బంది లేదు. మనిషినీ సైకిల్‌నీ దెబ్బతీసేది రోడ్డు మీంచి చక్రం లేపే నీళ్లే.

కొత్తవాళ్ల కోసం కొంచెం వివరం. బ్రెవే రేసు కాదు, గడువులోపు పూర్తి చేస్తే చాలు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటలు. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేసినవాళ్లని సూపర్ రాండనూర్ అంటారు. పంక్చరు వేసుకున్నా, టీ తాగినా, బస్ షెల్టర్ కింద నిలబడినా ఆ సమయమంతా గడువులోంచే పోతుంది. వాన పడిందని అదనంగా ఇవ్వరు. కంట్రోల్ పాయింట్ల (దారిలో మన రాకని నమోదు చేయించుకునే చోట్ల) మధ్య వెనకాల కారు వచ్చి సాయం చేయడం కూడా కుదరదు. అందుకే ఏ వస్తువైనా నేను ఒకే లెక్కతో చూస్తాను: వానలో అది నా సమయం మిగులుస్తుందా, తింటుందా?

ఈ లెక్కలో మడ్‌గార్డులకి సాటి ఇంకోటి లేదు. చక్రాన్ని సగం చుట్టి, కిందిదాకా దిగి, కడ్డీలతో ఫ్రేముకి బిగించేవే కొనండి. సీటు కింద తగిలించే చిన్న రెక్క సైజువి వీపుని కాస్త కాపాడతాయేమో, ఇంకెందుకూ పనికిరావు. చౌటుప్పల్ దాటాక లారీలు పక్కనుంచి పోతుంటే రోడ్డు మీద పారేవి ఉత్త నీళ్లు కావు, అందులో ఇసుకా డీజిలూ ఎర్రమట్టీ అన్నీ కలిసి ఉంటాయి. వెనక చక్రం అదంతా తిన్నగా సీటు మీదికి కొడుతుంది. ఆ ఇసుక షార్ట్స్‌లోకి చేరితే ఇంకో వంద కిలోమీటర్లలో తొడలు ఒరుసుకుపోతాయి. ఆ తర్వాత కాళ్లలో ఎంత బలమున్నా సీటు మీద కూర్చోలేరు. 400 బ్రెవేల్లో మధ్యలో మానేసినవాళ్లని అడిగి చూడండి, చాలామంది వాన గురించి కాదు, ఈ ఒరుపు గురించే చెబుతారు.

ముందు మడ్‌గార్డు విషయంలో ఒక చిన్న పని చేయాలి. కంపెనీ నుంచి వచ్చేది కింద పొట్టిగా ఉంటుంది, పాదాలకి నీళ్లు కొడుతూనే ఉంటాయి. ఐదు లీటర్ల నూనె డబ్బాలోంచి అరచేయంత ముక్క కోసి, రెండు రంధ్రాలు పెట్టి, మడ్‌గార్డు చివర జిప్ టైలతో కట్టాను. నేలకి నాలుగు వేళ్ల ఎత్తు దాకా దిగుతుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు, కానీ బూట్లు, చెయిన్, పెడల్ బేరింగు మూడింటికీ ఆ ముక్కే రక్ష. గుంపులో వెళ్లేటప్పుడు వెనక మడ్‌గార్డుకీ ఇలాంటిదే కడితే వెనక వచ్చేవాళ్ల ముఖాన బురద పడదు. అది మర్యాద కూడా.

వీటిలో లోపాలూ ఉన్నాయి. కడ్డీల బోల్టులు అదురుకి వదులవుతాయి, నైలాన్ నట్లు వేయించుకుంటే ఆ బెడద తగ్గుతుంది. ఇంకొకటి నల్లరేగడి. హైవే వదిలి పొలాల మధ్య మట్టిదారి పట్టాల్సి వస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య బంకమట్టి గడ్డకట్టి చక్రం తిరగడమే మానేస్తుంది. కనీసం ఒక వేలు దూరేంత ఖాళీ ఉండేలా బిగించుకోవాలి. అయినా రేగడిలో దిగి నడవడమే నయం.

ఇక జాకెట్. గాలి ఆడుతుంది, నీళ్లు రావు అని చెప్పి అమ్మే ఖరీదైన రకం ఒకటి ఏళ్ల తరబడి వాడాను. ఆ బట్ట లోపలి ఆవిరిని బయటికి పంపాలంటే లోపలికన్నా బయట తేమ బాగా తక్కువ ఉండాలి. జూలై రాత్రి సూర్యాపేట దగ్గర ఆ తేడా ఎక్కడుంటుంది? వాన నీళ్లు ఆగుతాయి కానీ చెమటతో లోపలంతా తడిసి ముద్దవుతుంది. పైగా కొన్ని ఉతుకులయ్యాక నీటిబొట్లు జారిపోయేలా చేసే పైపూత అరిగిపోతుంది, బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. నైరుతి వానల్లో ఇప్పుడు నేను వాడేది చేతుల్లేని పల్చటి విండ్ జాకెట్ మాత్రమే. తడుస్తాను, కానీ ఛాతీకి గాలి తగలదు. తెల్లవారుజామున రెండు మూడు గంటలప్పుడు తడిబట్టల మీద గాలి కొడితే మన ఊళ్లలో కూడా పళ్లు పటపటలాడతాయి. తొక్కుతున్నంతసేపూ తెలియదు, దాబా దగ్గర ఆగిన ఐదు నిమిషాలకే వణుకు మొదలవుతుంది. అప్పుడు నిన్నటి న్యూస్ పేపర్ అడిగి తీసుకుని జెర్సీ లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకోండి. ఏ జాకెట్‌కీ తీసిపోదు.

నవంబర్, డిసెంబర్ తుపాను వానల సంగతి వేరు. 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటివి వచ్చినప్పుడు వానతోపాటు చలిగాలి రోజంతా కొడుతుంది. ఆ కాలంలో ఆగకుండా పడే ముసురులో తొక్కాలంటే పూర్తి చేతుల జాకెట్ ఉండాల్సిందే.

వానలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేవి పంక్చర్లు. లారీ టైర్లు పేలినచోట తలవెంట్రుక మందాన స్టీలు తీగలు రోడ్డంతా పడి ఉంటాయి. తడి రబ్బరులోకి అవి పొడిరోజు కన్నా సులువుగా దిగుతాయి. రాత్రి, వాన, హెడ్‌లైట్ వెలుగు, వేలికి తగలని తీగ. టైరు లోపల గుడ్డముక్కతో మెల్లగా తుడుస్తూ పోతే ఎక్కడో ఒకచోట దారప్పోగు పట్టుకుంటుంది, తీగ ఉన్నది అక్కడే. నెయిల్ కట్టర్‌తో పట్టి లాగాలి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది కిలోమీటర్లలో మళ్లీ గాలి పోతుంది. తడి ట్యూబుకి ప్యాచ్ అంటుకోదు కాబట్టి వానాకాలంలో ప్యాచ్‌లు నమ్ముకోకుండా ట్యూబులే ఎక్కువ పెట్టుకోండి. నేను 25 వదిలి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లకి మారాను. గాలి కాస్త తగ్గించి తొక్కితే తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది, వేగంలో తేడా నాకైతే కనబడలేదు.

వంతెనల మీది ఇనుప జాయింట్లు, రోడ్డు మీది తెల్లగీతలు, రైల్వే గేటు దగ్గరి పట్టాలు, ఈ మూడింటి మీదా వంగకుండా, బ్రేకు పట్టకుండా నిటారుగా దాటాలి. చక్రం అంచుని (రిమ్‌ని) పట్టే రిమ్ బ్రేకులైతే ముందు రిమ్ మీది నీళ్లు తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పడతాయి. ఇసుక కలిసిన నీళ్లలో ప్యాడ్లు సబ్బులా అరిగిపోతాయి, వాటితోపాటు రిమ్ కూడా. సైకిల్ కొత్తగా కొంటుంటే మరో ఆలోచన లేకుండా డిస్క్ బ్రేకులున్నదే తీసుకోండి. ప్యాడ్లు మెటల్ రకం వేయించండి, మెత్తటి రెసిన్ రకం బురదలో త్వరగా పోతుంది.

లైట్లలో డైనమో హబ్‌కే (చక్రం మధ్యలోనే కరెంటు పుట్టించే రకానికే) నా ఓటు. బ్యాటరీ లైట్లకి చార్జింగ్ దగ్గర ఉండే రబ్బరు మూత కొన్నాళ్లకి వదులవుతుంది, నీళ్లు పోతాయి, అర్ధరాత్రి ఆరిపోతాయి. నాకు ఇలా ఒకటికన్నా ఎక్కువే పోయాయి. హబ్‌కి ఆ బాధ లేదు, చక్రం తిరిగితే వెలుగుతుంది. అయినా వెనక అదనంగా ఒక బ్యాటరీ లైటు ఉండి తీరాలి, వానలో లారీ డ్రైవర్‌కి మనం కనబడేది చివరి క్షణంలోనే. హెల్మెట్ కింద చూరున్న పల్చటి టోపీ పెట్టుకుంటే కళ్లలో నీళ్లు పడవు, ఎదురు లైట్ల మెరుపూ తగ్గుతుంది. కంట్రోల్ పాయింట్లలో ముద్ర వేయించుకునే బ్రెవే కార్డు జిప్ కవర్‌లో, ఆ కవర్ ఇంకో జిప్ కవర్‌లో. తడిసిన ఫోను చార్జింగ్ ఎక్కదు, కాబట్టి వాన మొదలవకముందే నింపుకోండి.

పాదాలకి పెట్రోలియం జెల్లీ దట్టంగా రాసి, వెనక్కి మళ్లే కంట్రోల్ పాయింట్ దగ్గర పొడి సాక్సులు మార్చుకుంటాను. మళ్లీ తడుస్తాయని తెలుసు. అయినా ఆ పావుగంట పొడిగా ఉండటమే చర్మాన్ని కాపాడుతుంది. షార్ట్స్ రెండో జత కూడా అంతే.

ఎప్పుడు ఆగాలో కూడా ముందే అనుకుని బయల్దేరాలి. పిడుగులు పడుతుంటే చెట్టు కిందికి కాదు, పక్కా కట్టడంలోకి వెళ్లాలి. 2023 జూలైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు పొంగి హైవే మీదికే వచ్చింది, రాకపోకలు ఆగిపోయాయి. నీళ్ల కింద రోడ్డుందో లేదో తెలియనప్పుడు సైకిల్ దింపకూడదు, మోకాలి లోతు పారే నీళ్లు కూడా మనిషిని లాగేస్తాయి. 2025 ఆగస్టులో లండన్–ఎడిన్‌బరో–లండన్ రైడ్‌ని ఫ్లోరిస్ తుపాను వల్ల మధ్యలోనే ఆపాల్సివచ్చింది. ప్రపంచమంతటి నుంచీ వచ్చినవాళ్లు ఏళ్లపాటు సిద్ధమైన రైడ్ అది. వాతావరణశాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజున బ్రెవే వదులుకోవడంలో తక్కువతనమేమీ లేదు.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా రెండు పనులు ఆ రాత్రే అయిపోవాలి. చెయిన్ కడిగి, తుడిచి, వెట్ లూబ్ (తడికి త్వరగా కొట్టుకుపోని చెయిన్ ఆయిల్) వేయాలి, పొద్దుటికల్లా తుప్పు ఎర్రగా కనబడుతుంది మరి. సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం) తీసేసి సైకిల్‌ని తలకిందులుగా పెట్టాలి, స్టీలు ఫ్రేములో చేరిన నీళ్లు అలా బయటికి పోతాయి. ఇంత చేసినా సీజన్ అయ్యాక పెడల్ బేరింగు, గేరు కేబుళ్లు మార్చాల్సే వస్తోంది. మడ్‌గార్డులు మాత్రం అవే.