కంపెనీ ఫోన్లో లొకేషన్ ట్రాకింగ్, జియోఫెన్స్: వరంగల్ లైన్ మీద రెండేళ్లు వాడాక

మా కంపెనీ వాడుతున్న యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి మార్కెట్లో చాలా ఉన్నాయి, లోపల పనిచేసే తీరు దాదాపు ఒకటే. విత్తనాలు, పురుగుమందులు సప్లై చేసే ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర నేను ఫీల్డ్ టీమ్ చూస్తాను. హన్మకొండ నుంచి పరకాల, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం దాకా మా లైన్. నా జేబులో ఉండేదీ కంపెనీ ఫోనే, టీమ్ మొత్తం ఎక్కడుందో చూపించే మ్యాప్ కూడా నా దగ్గరే ఉంటుంది. చూసేవాణ్ణీ నేనే, పై వాళ్లకు కనిపించేవాణ్ణీ నేనే. రెండేళ్లకు పైగా వాడాక చెప్తున్నాను, ట్రాకింగ్ ఫర్వాలేదు. జియోఫెన్స్ (మ్యాప్‌లో ఒక చోటు చుట్టూ గీసే హద్దు, ఫోన్ దాని లోపలికి వచ్చినా బయటికి పోయినా యాప్ గుర్తిస్తుంది) మాత్రం, సెట్టింగులు పెట్టేవాడికి మా ఊళ్లు తెలిస్తేనే పనికొస్తుంది.

మొదట్లో ఆఫీసులో కూర్చుని ప్రతి డీలర్ షాపు చుట్టూ 50 మీటర్ల సర్కిల్ గీశారు. సర్కిల్లోకి వస్తే విజిట్ పడుతుంది, రాకపోతే పడదు. ఆరుబయట నిలబడితే ఫోన్ జీపీఎస్ ఐదారు మీటర్ల తేడాతో చోటు చెప్పేస్తుంది. కానీ మా షాపులు ఆరుబయట ఉండవు కదా. ఎనుమాముల మార్కెట్లో రేకుల షెడ్ల కింద, వరంగల్ పాత బజారు సందుల్లో సిగ్నల్ అటూ ఇటూ గెంతుతుంది. మిర్చి సీజన్లో మా కుర్రాడు మార్కెట్లోనే ఉన్నా మ్యాప్‌లో బయట రోడ్డు మీద కనిపించేవాడు. పై నుంచి ఫోన్: "ఏం తమ్మీ, మార్కెట్‌కు పోలేదా?" వీడు "సార్, బస్తాల నడుమనే ఉన్న సార్" అని ఫోటో తీసి పంపాలి. నెల తిరిగేసరికి టీమ్‌లో సగం మంది అబద్ధాలకోరులుగా రిపోర్టులోకి ఎక్కారు.

జియోఫెన్స్‌కు కనీసం 100 నుంచి 150 మీటర్ల వ్యాసార్థం పెట్టుకోమని యాప్‌లు తయారుచేసేవాళ్లకు గూగుల్ ఇచ్చే సూచనల్లోనే ఉంది. చుట్టుపక్కల వైఫై లేని పల్లెల్లో తేడా వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు కూడా ఉండొచ్చని అందులోనే చెప్పారు. సర్కిల్లోకి రాగానే ఫోన్‌కు తెలుస్తుందనుకోవడం కూడా తప్పే. స్క్రీన్ ఆపి జేబులో పెట్టుకుంటే రెండు మూడు నిమిషాలు పట్టడం మామూలే, ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా పోతుంది. బండి మీద కూర్చునే "స్టాక్ ఉందా అన్నా?" అని అడిగి ముందుకు పోయే విజిట్‌ను ఇది పట్టుకోలేదు. ఈ సంగతులన్నీ పెట్టి చాలా మెయిళ్లు రాశాక సర్కిల్‌ను 200 మీటర్లు చేశారు. పల్లెల్లో గొడవ తగ్గింది. హన్మకొండ చౌరస్తా దగ్గర కొత్త తమాషా మొదలైంది. అక్కడ మా డీలర్ల షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక షాపులో చాయ్ తాగితే పక్క షాపు విజిట్ కూడా పడిపోతుంది. దీని మీద మాత్రం టీమ్ నుంచి ఒక్క కంప్లైంటూ రాలేదు.

ఇంకోటి కొనేముందే అడగాల్సింది. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఒకేసారి 100 జియోఫెన్స్‌లే పెట్టుకోగలదు. ఐఫోన్‌లో అయితే 20 మాత్రమే. మా డీలర్ల లిస్టు 100 దాటింది కనుక యాప్ ఆ రోజు బీట్ ప్లాన్‌లో (ఆ రోజు తిరగాల్సిన షాపుల లిస్టులో) ఉన్న షాపులనే లోడ్ చేసుకుంటుంది. రైతు ఫోన్ చేశాడని ప్లాన్‌లో లేని ఊరికి పోతే ఆ విజిట్ లెక్కలోకి రాదు. అమ్మేవాళ్లు ఈ ముక్క డెమోలో చెప్పరు.

ములుగు దాటి పస్రా, తాడ్వాయి అడవిలోకి పోతే వేరే లోకం. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల సిగ్నల్ ఉంటే చాలు. చూసినదాన్ని ఆఫీసుకు పంపడానికే నెట్ కావాలి. మంచి యాప్ దాచిపెట్టుకుని నెట్ వచ్చాక టైముతో సహా పంపుతుంది, మాది పంపుతుంది, అందుకు మార్కులు ఇస్తాను. అయితే మ్యాప్‌లో అప్పటిదాకా ఎర్ర చుక్క ఉంటుంది, ఆ చుక్క చూసి పై వాళ్లకు టెన్షన్. ఒకసారి ఏటూరునాగారంలో ఉన్న నన్ను గోదావరి అవతల చూపించింది. జీపీఎస్ అందక టవర్‌ను బట్టి అంచనా వేస్తే అలాగే ఉంటుంది. మేడారం జాతర రోజుల్లో ఆ వైపు టీమ్ మ్యాప్ తెరవడమే దండగ, అంత జనంలో నెట్‌వర్క్ సరిగా అందదు.

టీఏ (తిరిగిన కిలోమీటర్లకు ఇచ్చే ప్రయాణ ఖర్చు) బిల్లు దగ్గరే అసలు తలనొప్పి. మా యాప్ పదిహేను నిమిషాలకోసారి లొకేషన్ తీసుకుని ఆ చుక్కలను తిన్నగా కలిపి కిలోమీటర్లు లెక్కేస్తుంది. అడవి రోడ్డు మలుపులన్నీ ఆ గీతలో మాయమై, బండి మీటరు చూపించినదానికన్నా తక్కువే వస్తుంది. నిమిషానికోసారి తీసుకుంటే లెక్క సరిపోతుంది, బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. చివరికి పొద్దున, సాయంత్రం మీటరు ఫోటో పెట్టమన్నారు. అంటే టీఏకు ట్రాకింగ్ అవసరమే లేకుండా పోయింది. కొన్ని రకాల ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ను మధ్యలోనే ఆపేస్తుంది, దానికి ఆ సేవర్‌లో మినహాయింపు ఇచ్చాకే ఫోన్‌ను ఫీల్డ్‌లోకి పంపాలి.

నర్సంపేట రోడ్డు గోదాములో స్టాక్ ఎక్కించుకునే ట్యాబ్ ఉంది. హద్దు దాటితే దానంతటదే లాక్ అయ్యేలా పెట్టారు, మంచి ఆలోచనే. రేకుల కప్పు కింద లొకేషన్ జరిగి, డీసీఎం లోడింగ్ నడుస్తుండగానే లాక్ పడింది. డ్రైవర్, హమాలీలు ఊరికే కూర్చున్నారు. వెంటనే లాక్ కాకుండా కొన్ని నిమిషాలు వరుసగా బయట ఉంటేనే లాక్ అయ్యే సెట్టింగ్ పెట్టాక మళ్లీ ఆ బాధ లేదు. ఫోన్లు పోయినప్పుడు మాత్రం ఇది బంగారం. హన్మకొండ బస్టాండ్‌లో మా కుర్రాడి ఫోన్ పోతే ఇక్కడి నుంచే లాక్ చేశాం, డీలర్ల బాకీల లెక్కలు ఎవరికీ చిక్కలేదు. దొంగ స్విచాఫ్ చేశాక చివరి చోటు తప్ప ఇంకేమీ కనిపించదు కాబట్టి, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించడం కూడా మానొద్దు.

డ్యూటీ అయ్యాక సంగతి మీద నేను గట్టిగానే పోట్లాడాను. మొదట 24 గంటలూ ఆన్. ఆదివారం కుటుంబంతో వేములవాడ పోయిన దారి కూడా సోమవారం రిపోర్టులో ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఉద్యోగ అవసరాలకు, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి డేటా వాడుకోవడాన్ని ఒప్పుకుంటుంది. రాజన్న దర్శనం ఏ ఉద్యోగ అవసరమో చెప్పమన్నాను. ఇప్పుడు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకే ఆన్. సొంత ఫోన్లో వర్క్ ప్రొఫైల్ (కంపెనీ యాప్‌లను విడిగా ఉంచే భాగం) వేసుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ, సాయంత్రం దాన్ని పాజ్ చేస్తే కంపెనీ యాప్‌లన్నీ పడుకుంటాయి.

దొంగ లొకేషన్ యాప్‌లు కంపెనీ ఫోన్లో నడవవు, వాటికి కావాల్సిన డెవలపర్ ఆప్షన్లు అనే సెట్టింగులను అడ్మినే మూసేశాడు. ఫోన్‌ను డెలివరీ ఆటోలో పంపి ఇంట్లో పడుకునేవాణ్ణి పట్టుకోవడం మాత్రం మా యాప్‌కు రాదు. ఆ పని డీలర్లే చేస్తారు, "మీవోడు మొన్న రాలే" అని.

నాకు ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. నేను తిరిగిన దారి ఆఫీసుకు కనిపిస్తుంది, నా ఫోన్లో నాకు కనిపించదు. టీమ్ లీడర్‌కు ఇచ్చిన మ్యాప్‌లో కూడా కింది వాళ్లదే ఉంటుంది తప్ప నాది ఉండదు. టీఏ కోత పడిందని ఎవరైనా నా దగ్గరికి వస్తే వాళ్ల దారి తీసి చూపిస్తాను. నాకు కోత పడితే ఆఫీసులో కంప్యూటర్ ముందున్న అబ్బాయిని బతిమాలి స్క్రీన్‌షాట్ తెప్పించుకోవాలి, వాడు లంచ్‌కు పోతే సాయంత్రం దాకా ఆగాలి.