వీకెండ్‌కి నడిచి తిరిగే ఊరు కావాలంటే బీదర్ వెళ్లండి

శనివారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి, మధ్యలో కారు ముట్టుకోకూడదు, ఎక్కడికి వెళ్లాలి అని హైదరాబాద్‌లో ఎవరడిగినా నేను చెప్పే పేరు కర్ణాటకలోని బీదరే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి నాకూ ఇష్టం, కానీ అక్కడ రిసార్ట్‌లో దిగాక బయట టీ తాగాలన్నా బండి తీయాల్సిందే. వరంగల్‌లో చూడాల్సినవి బోలెడు, అయితే కోట ఒక వైపు, వేయి స్తంభాల గుడి ఇంకో వైపు, రోజంతా ఆటోలోనే గడుస్తుంది. పోచంపల్లి మాత్రం నడకకు చక్కటి ఊరు, 1951లో వినోబా భావే భూమిలేని పేదల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన చోటు చూసి, మగ్గాలున్న ఇళ్ల ముందు కాసేపు నిలబడి చీరలు చూసుకోవచ్చు, కానీ ఒక పూటలో అయిపోతుంది, రాత్రి అక్కడే ఉండాల్సినంత లేదు. వారమంతా ఔటర్ మీదా ఫ్లైఓవర్ల మీదా కూర్చునే వాళ్లకి వీకెండ్ అంటే కాళ్లకి పని, కళ్లకి తీరిక దొరకాలని నా గట్టి నమ్మకం. ఆ లెక్కన బీదర్‌కి సాటి వచ్చేది చుట్టుపక్కల నాకింకోటి కనిపించలేదు.

దూరం దాదాపు 140 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి బస్సులున్నాయి, పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా వెళ్తాయి. పటాన్‌చెరు దాటేదాకానే విసుగు, ఆ తర్వాత రోడ్డు హాయిగా ఉంటుంది. వికారాబాద్ మీదుగా రైలు కూడా ఉంది, టైమ్ కుదిరితే అదే నయం. భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా ఇది, మన ఉర్దూ అక్కడ బాగా నడుస్తుంది, తెలుగు వచ్చినవాళ్లూ తగులుతుంటారు.

రూమ్ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తాను: ఫొటోలు చూసి హైవే వైపు ఉన్నది బుక్ చేయకండి, పాత ఊరికి ఎంత దగ్గరో చూసి బుక్ చేయండి. మేం దిగిన లాడ్జి మామూలుది, పొద్దున వేడినీళ్లు కావాలంటే రెండుసార్లు కిందికి ఫోన్ చేయాల్సి వచ్చింది, దుప్పట్లు కూడా అడిగి మార్పించుకున్నాం, ఫోన్లో చెప్పిన రేటుకీ కౌంటర్ దగ్గర తీసుకున్న రేటుకీ తేడా ఉంది. అయినా మళ్లీ వెళ్తే ఆ చుట్టుపక్కలే ఉంటాను, ఎందుకంటే గేటు దాటి కాసేపు నడిస్తే చౌబారా వచ్చేస్తుంది. నాలుగు రోడ్లు కలిసే చోట 71 అడుగుల గుండ్రటి బురుజు అది. పాత బీదర్‌లో ఎటు వెళ్లాలన్నా దాన్నే గుర్తు పెట్టుకుంటే చాలు, ఫోన్‌లో మ్యాప్ తీయాల్సిన పనే ఉండదు.

అక్కడి నుంచి కోట వైపు నడుస్తుంటే దారిలోనే మహమూద్ గవాన్ మదరసా. ఇరాన్‌లోని గిలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి దక్కన్‌ని ఏలిన బహమనీ సుల్తానుల దగ్గర వజీరు (మంత్రి) అయినవాడు గవాన్, ఆయన దీన్ని 1472లో కట్టించాడు. 1696లో జరిగిన పేలుడులో ముందు భాగం చాలావరకు పోయింది, రెండు మినార్లలో ఒకటే మిగిలింది. ఆ మిగిలిన మినారు దగ్గరికి వెళ్లి తలెత్తి చూడండి. ఆకుపచ్చ, నీలం, పసుపు పెంకులు వంకర గీతల్లో మెలికలు తిరుగుతూ పైకి పోతుంటాయి, కొన్నిచోట్ల పెంకు రాలిపోయి కింద సున్నం కనిపిస్తుంది, కొన్ని పెంకుల రంగు మాత్రం ఇప్పటికీ నిన్న పూసినట్టే ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం పూట వెళ్తే ఇంకా బాగుంటుంది.

కోటకి ఒక పూట మొత్తం ఇచ్చేయండి. రాతిని తొలిచి చేసిన మూడు వరసల కందకం, ఎర్రటి గోడలు, లోపల ఎకరాలకొద్దీ ఖాళీ జాగా, నీడలో కూర్చుంటే లేవబుద్ధి కాదు. సోలా ఖంబా మసీదు, గగన్ మహల్ నిదానంగా చూడండి, కానీ రంగీన్ మహల్ మాత్రం చూడకుండా రావొద్దు. దానికి తాళం వేసి ఉంటుంది, చాలామంది బయటి నుంచే తిరిగి వచ్చేస్తారు, అక్కడి సిబ్బందిని మర్యాదగా అడిగితే తీసి చూపించారు. లోపల నల్లరాతి మీద ముత్యపుచిప్ప ముక్కలు పొదిగారు, చెక్క స్తంభాలన్నీ చెక్కడాలే. నీళ్ల సీసా, టోపీ తీసుకెళ్లండి, లోపల కొనుక్కోవడానికి పెద్దగా ఏమీ దొరకదు.

ఇక బిద్రీ పని, అంటే నల్లటి లోహం మీద వెండి తీగ పొదిగే కళ. నన్నడిగితే బీదర్‌కి వెళ్లడానికి ఇదొక్కటే కారణం చాలు. 2023లో పద్మశ్రీ అందుకున్న బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీది ఈ ఊరే. చౌబారా దగ్గరి వీధుల్లో చిన్న చిన్న షాపుల వెనకాలే పని జరుగుతుంటుంది, చూస్తామంటే పీట వేసి కూర్చోబెడతారు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసిన వస్తువుని నున్నగా అరగదీసి, మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు, అప్పుడది నల్లబడి ఉలితో గీసిన గీత తెల్లగా కనబడుతుంది. గీతలు చెక్కాక వాటిలోకి సన్నటి వెండి తీగ పెట్టి చిన్న సుత్తితో కొడుతూ పోతారు. అంతా అయ్యాక మళ్లీ రుద్దేస్తే వస్తువు మొత్తం ఒకే తెల్లటి రంగులోకి వచ్చేస్తుంది, చేసిన డిజైన్ అంతా మాయమైనట్టే అనిపిస్తుంది. చివర్లో కోటలోని మట్టిని నవాసారంతో కలిపి కాచి, వేడి చేసిన వస్తువుకి పట్టిస్తే జింకు నల్లబడుతుంది, వెండి అలాగే ఉండిపోతుంది. నీళ్లలో కడిగి బట్టతో తుడవగానే ఆ పూలు, లతలు బయటికొస్తాయి. అదేదో మ్యూజియంలో అద్దం వెనక కాదు, మీ మోకాలికి జానెడు దూరంలో జరుగుతుంది. ధరలు అడగండి, కొనండి, కానీ ఆ పని చూశాక మరీ సగానికి బేరం ఆడకండి, ఒక్కో వస్తువు వెనక ఎంత పని ఉందో మీ కళ్లతోనే చూశారు కదా.

తిండికి లోటు లేదు. చిన్న ఖానావళిలో జొన్నరొట్టె, గుత్తివంకాయ, పల్లీ పొడి, పెరుగు, అదే నాకు అన్నిటికన్నా నచ్చిన భోజనం. బిర్యానీ దొరుకుతుంది, మనకి కొత్తేమీ కాదు. గురునానక్ ఝీరా గురుద్వారాలో లంగర్ భోజనం (వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెట్టేది) తప్పక చేయండి, అంత శుభ్రం, అంత ఆదరణ.

అసౌకర్యాలు కూడా చెప్పాలి. నడవడానికి బాగున్న ఊరే కానీ ఫుట్‌పాత్‌లు లేవు, చౌబారా మార్కెట్లో సాయంత్రం బైకులు మన మోచేతులు రాసుకుంటూ పోతాయి, చిన్నపిల్లల చెయ్యి వదలకూడదు. ఇంత గొప్ప కట్టడాల పక్కనే చెత్త కుప్పలు చూస్తే బాధేస్తుంది, అక్కడి మున్సిపాలిటీ వాళ్లు దీన్ని పట్టించుకోవాలి. ఏప్రిల్, మే వద్దు. వానలు తగ్గాక వెళ్తే పచ్చగా, చల్లగా ఉంటుంది, ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి రాత్రిళ్లు మన కన్నా కొంచెం చలి.

ఊరి బయట ఉన్న అష్టూర్‌కి మాత్రం ఆటో మాట్లాడుకోండి, ఆదివారం పొద్దున్నే వెళ్లండి. బహమనీ సుల్తానుల సమాధులు అక్కడే ఉన్నాయి. హుమాయూన్ షా సమాధి మీద పిడుగు పడి గుమ్మటం సగం కూలిపోయింది, ఒక గుమ్మటాన్ని కోసి లోపలి మందం చూపించినట్టు ఇంకెక్కడా కనబడదు. 1436లో చనిపోయిన అహ్మద్ షా వలీ సమాధి లోపల గోడల నిండా, పైకప్పు నిండా బంగారు, ఎరుపు రంగుల రాతలు, బొమ్మలు. హిందువులు ఆయన్ని వీరశైవ సిద్ధుడు అల్లమప్రభు అని కొలుస్తారు. లోపల చీకటిగా ఉంటుంది, టార్చ్ పట్టుకెళ్లండి, మాకైతే అక్కడున్న పెద్దాయన అద్దంతో ఎండని లోపలికి తిప్పి ఒక్కో గోడా చూపించాడు. ఆటో అతనితో రాకపోకలకి, అక్కడ ఆగినంత సేపటికీ కలిపి ముందే మాట్లాడుకోండి, లేదంటే తిరిగి రావడానికి బండి దొరకడం కష్టం.