ఫొటోకి మెరుగులు సరే, భుజం మీది అంకె ఏది?

కోఠీలో పాత ఫొటోలు బాగుచేసే ఒక షాపులో మా ముత్తాతగారి ఫొటో ఇచ్చాను. స్కానింగ్‌కి ఐదు స్టార్లు ఇస్తా. రంగులేసిన ప్రింటుకి ఒకటి కూడా ఎక్కువే.

అద్దానికి అతుక్కుపోయిన ఫొటో మూలని అక్కడి కుర్రాడు ఎంత ఓపిగ్గా వదిలించాడో! స్కాన్ చేసి స్క్రీన్ మీద పెద్దది చేస్తే చేతి మీద మూడు పట్టీలు, అంటే హవల్దార్. భుజం మీద ఇత్తడి బిళ్ల, దాని మీద '19'. ఇంట్లో అందరూ ఆయన నిజాం సైన్యంలో చేశారనే చెప్పేవారు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ మాత్రం బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1922లో ఏర్పడి, 1945లో కుమావూన్ రెజిమెంట్‌గా పేరు మార్చుకుంది. నిజాం సొంత దళాలు వేరు. ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిన 1931కి కూడా లెక్క సరిపోయింది.

ఇక ప్రింటు. మరకలతో పాటు ఆ బిళ్లనీ నున్నగా తుడిచేశారు! ఖాకీ యూనిఫాంకి ముదురు ఆకుపచ్చ పూశారు. ఛాతీ మీది రిబ్బన్‌కి తోచిన రంగులేశారు. ఆ కాలపు ఫిల్ములు చాలావాటిలో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేది. బూడిద రంగు చూసి అసలు రంగు చెప్పడం ఎవరి తరం?

అడిగితే ఓనరుగారు "అంత చిన్నది ఎవరు చూస్తారు సార్" అన్నారు. మేమే చూస్తామండీ! మళ్లీ చేయడానికి ఎక్స్‌ట్రా అట.

వెళ్తే స్కాన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని వచ్చేయండి.