జాగ్రత్త: మెనూలు చూడకుండా ఆర్పీజీ డిస్కు కవరు చించకండి

రోల్ ప్లేయింగ్ గేమ్‌లు (ఆర్పీజీలు, అంటే మనమే ఒక పాత్రగా మారి కథ నడిపే వీడియో గేమ్‌లు) ఇష్టంగా ఆడే తెలుగువాళ్లు బెంగళూరులో చాలామందే ఉన్నారు కాబట్టి, నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఈ హెచ్చరిక రాస్తున్నాను. గత నెల ఎస్పీ రోడ్డుకు వెళ్లి, ఒక దుకాణంలో 4,999 రూపాయలు పెట్టి కొత్తగా వచ్చిన పెద్ద ఆర్పీజీ డిస్కు కొన్నాను. మూడు వారాలు ఆడి పక్కన పెట్టేశాను. కథ బాగాలేక కాదు, బొమ్మలు బాగాలేక కాదు, పోరాటాలు కష్టమై కూడా కాదు. ఆ లోకంలో నాలుగడుగులు వేసేలోపే సమాచారపు మెనూ నన్ను చెయ్యి పట్టుకుని బయటకు లాగేస్తుంటే విసిగిపోయి ఆపేశాను. గేమ్ పేరు, దుకాణం పేరు రాయడం లేదు. ఈ లోపం ఒక్క గేమ్‌దే కాదు; కొనేముందు దాన్ని ఎలా పసిగట్టాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

మొదటి మూడు గంటలు మాత్రమే ఆడినవారికి ఈ లోపం కనిపించదు. కరువుతో ఎండిపోయిన ఒక రాజ్యంలో, తాత దగ్గర మూలికా వైద్యం నేర్చుకుంటున్న కుర్రవాడిగా మనం కథలో అడుగుపెడతాం. బీటలు వారిన చెరువు గట్టు మీద నడుస్తుంటే గాలి చప్పుడు, దూరాన పశువుల మెడగంటలు వినిపిస్తాయి. తెర మీద ఒక్క అక్షరం కూడా ఉండదు. ఆ మూడు గంటలూ నేను సోఫాలో కూర్చున్న సంగతే మరిచిపోయాను. ట్రైలర్‌లో చూపించినది కూడా ఈ భాగమే. కుర్రవాడు తాతను వెంటబెట్టుకుని ఊరు దాటి నగరానికి చేరాక గాని అసలు మెనూలు తెరుచుకోవు.

అక్కడ ఎవరైనా మాటల మధ్య ఒక ఊరి పేరో, వంశం పేరో, పండుగ పేరో ఎత్తితే చాలు, తెర కుడి మూలన ‘కొత్త సమాచారం చేరింది’ అంటూ ఒక పెట్టె వచ్చి వాలుతుంది. కాసేపటికి పెట్టె పోయినా, అలాంటి వివరాలన్నీ పోగుచేసి ఉంచే సమాచార కోశం గుర్తు మీద ఎర్ర చుక్క మాత్రం ఆ విషయాన్ని తెరిచి చూసేదాకా వెలుగుతూనే ఉంటుంది. ముఖ్యమైనవని గేమే నిర్ణయించుకున్న విషయాలైతే మన ప్రమేయం లేకుండా ఆటను ఆపి మరీ తెరుచుకుంటాయి. ఒక చిన్న సంగతి చదవాలంటే ప్రాంతాలు, నగరాలు, వీధులు, మనుషులు అని నాలుగు మెట్లు దిగాలి. బయటకు రావాలన్నా ఆ నాలుగు మెట్లూ ఎక్కాలి.

ఆ రోజుల్లో మా అమ్మ నరసరావుపేట నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. గేమ్‌ల గురించి ఆమెకేమీ తెలియకపోయినా, కరువు కథ కావడంతో పక్కన కూర్చుని సీరియల్ చూసినంత శ్రద్ధగా చూసేది. తాత చనిపోయే ఘట్టం వచ్చింది. ముసలాయన మనవడి చెయ్యి పట్టుకుని, నీళ్లింకా ఉన్న ఒక కొండ ఊట పేరు కొన ఊపిరితో చెప్పాడు. ఆ పేరు పలకగానే ఆట ఆగింది. ఆ ఊట ఏ దిక్కున ఉంది, అక్కడ ఏ మూలికలు దొరుకుతాయి, వాటిని అమ్మితే ఎంత వస్తుంది అన్న పట్టిక తెర నిండా పరుచుకుంది. “అదేందిరా, ఆ ముసలాయన పోతా ఉంటే నువ్వు ధరలు చూస్తన్నావు?” అంది అమ్మ. నేను తీయలేదమ్మా, అదే వచ్చింది అని చెప్పి పట్టిక మూశాను. ఘట్టం ఆగినచోట నుంచే మళ్లీ మొదలైంది. కానీ నిమిషం ముందు వరకు కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న అమ్మ, అప్పటికే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇదంతా నా అసహనమేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి, ఒక ఆదివారం సాయంత్రం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని సరిగ్గా గంటసేపు ఆడాను. ఆ గంటలో ఆట 41 సార్లు ఆగింది. వాటిలో నా అంతట నేను మెనూ తెరిచినవి 12 మాత్రమే. మొత్తం మీద 19 నిమిషాలు మెనూలలోనే గడిచిపోయాయి.

సమాచారం ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. కొత్త లోకాన్ని పరిచయం చేసే కథకు వివరణ కావాలి. మన హరిదాసు కూడా కథ మధ్యలో ఆగి పిట్టకథ చెబుతాడు, కఠినమైన పద్యానికి అర్థం విప్పుతాడు. అయితే అప్పుడు కూడా ఆయన కాళ్లకు గజ్జెలు ఉంటాయి, చేతిలో చిడతలు ఉంటాయి, అశోకవనంలో సీతమ్మ ముందు మనల్ని కూర్చోబెట్టి, అక్కడి నుంచి లేవనివ్వకుండానే ఆ నాలుగు మాటలూ చెబుతాడు. వివరణ ఎవరి గొంతులో, ఏ క్షణాన, ఎవరు అడిగితే వస్తుందన్నదాన్ని బట్టే వినేవాడు కథలో ఉంటాడో, లేచిపోతాడో తేలుతుంది. నేను కొన్న గేమ్‌లో వివరణ కుర్రవాడి గొంతులో రాదు, తాత గొంతులో రాదు. సరుకుల గోదాము రిజిస్టరు భాషలో వస్తుంది.

అంతకంటే ఎక్కువ బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. ఆ కోశానికి కుర్రవాడికి తెలియనివి కూడా తెలుసు. నగరంలో అతడిని ఆదరించి, అన్నం పెట్టి, కత్తి పట్టడం నేర్పిన ఒక సేనాని ఉంటాడు. అతడు పరిచయమైన పది నిమిషాలకే కోశంలో అతడి పేరు చేరింది. తెరిచి చూస్తే ‘పక్షాలు: రాజు, తిరుగుబాటుదారులు’ అని రాసి ఉంది. ఆ తరువాత ఎనిమిది గంటల కథలో ఆ మనిషి చూపిన ఆప్యాయతను నేను ఒక్కసారి కూడా నమ్మలేకపోయాను. పాత్ర మోసపోవాలి, దానితో పాటు మనమూ మోసపోవాలి. ఆర్పీజీలో లీనమవడమంటే అదే కదా. పాత్రకు తెలియనిది మెనూ నాకు ముందే చెప్పేశాక, ఆ కుర్రవాడు వేరు, నేను వేరు అయిపోయాం.

ఇలా కాకుండా చేయడం సాధ్యమేనని చాలా ఏళ్ల కిందటే రుజువైంది. 2008లో వచ్చిన ఫాలౌట్ 3లో పటం, సంచి, పనుల జాబితా అన్నీ పాత్ర మణికట్టుకు కట్టుకున్న పిప్‌బాయ్ అనే పరికరంలో ఉంటాయి. దాన్ని చూస్తున్నంతసేపు కాలం ఆగిపోయినా, చూస్తున్నది మన పాత్రే కాబట్టి ఆ లోకం విడిచి వచ్చినట్టు ఉండదు. 2011 నాటి డార్క్ సోల్స్‌లో మెనూ తెరిస్తే ఆట అసలు ఆగదు. సంచిలో మందు వెతుక్కుంటుండగా వెనుక నుంచి శత్రువు రావచ్చు కాబట్టి, మెనూలో ఉన్నా గుండె దడ తగ్గదు. 1403 నాటి బొహీమియాలో (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) జరిగే కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ మెనూలను, పటాన్ని ఆ కాలపు బొమ్మల చేతిరాత పుస్తకాల తీరులో అలంకరించింది.

కోశం పెద్దదైనంత మాత్రాన చేటు జరగదు. 2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్‌లో కోడెక్స్ అనే సమాచార కోశం చాలా పెద్దది. ముఖ్యమైన అంశాలను ఒక గొంతు చదివి వినిపిస్తుంది కూడా. 2023లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 16లో కట్‌సీన్ (మనం ఆడకుండా చూసే సినిమాలాంటి ఘట్టం) నడుస్తుండగా మనం ఆపితే, ఆ క్షణానికి సంబంధించిన మనుషులు, ఊళ్లు, మాటల వివరాలు మాత్రమే కనిపిస్తాయి. అక్కడ అడిగేది మనం, బదులిచ్చేది గేమ్. అదే వరుసలో 2009 నాటి 13వ భాగంలో కథకు కావలసిన వివరాలు చాలావరకు డేటాలాగ్ అనే కోశంలోనే ఉండిపోవడంతో, ఫాల్సీ, లసీ అన్న పదాలు వింటూ తికమకపడినవారిలో నేనూ ఒకణ్ణి. ఆ అనుభవం ఉండి కూడా ఈసారి మెనూల గురించి ఆరా తీయకుండా కొన్నాను.

నోటిఫికేషన్లను సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ ఆపాను. అప్పుడు గాని అసలు లోపం ఎంత లోతుగా ఉందో అర్థం కాలేదు. పెట్టెలతో పాటు దారి చూపే గుర్తులు కూడా పోయాయి. ఆ ఊట ఎక్కడుందని నగరంలో ఎవరిని అడిగినా ‘నీ పటంలో చూడు’ అన్న అర్థం వచ్చే మాటే అంటారు తప్ప, ఫలానా మర్రిచెట్టు దాటాక ఎడమకు తిరుగు అని చెప్పేవాడు ఒక్కడూ లేడు. 2002లో వచ్చిన మారోవిండ్‌లో చాలావరకు పటం మీద గుర్తు ఉండదు. మనుషులే దారి చెబుతారు, అది మన దినచర్య పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ మాటలు పట్టుకుని కొండలు, వంతెనలు చూసుకుంటూ వెళ్లాలి. ఆ పుస్తకంలో అన్నీ తేదీల వరుసలోనే ఉండటం వల్ల వెతుక్కోవడం కష్టమైన మాట నిజమే. పనుల వారీగా చూసుకునే వీలు ఆ గేమ్‌కు తరువాత వచ్చిన అదనపు భాగంతో వచ్చింది. అయినా మెనూ లేకుండా బతకగలిగేలా ఆ లోకాన్ని ముందే రాశారు. మెనూనే నమ్ముకుని రాసిన లోకంలో దాన్ని ఆపేస్తే మిగిలేది ఖాళీ వీధులే. కాబట్టి ‘కావాలంటే అన్నీ ఆపుకోవచ్చు’ అని అట్ట మీద రాసి ఉంటే అది చూసి నిశ్చింతగా ఉండకండి.

అక్షరాల పరిమాణం సంగతీ చూసుకోవాలి. మా హాల్లో 43 అంగుళాల టీవీకి, సోఫాకు మధ్య పది అడుగుల దూరం ఉంది. ఆ కోశం చదవడానికి నేను లేచి వెళ్లి టీవీ ముందు నిలబడవలసి వచ్చింది. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు సంభాషణలకు ఉంది గాని మెనూలకు లేదు.

డిస్కు తిరిగి ఇవ్వబోతే, కవరు చించిన సరుకు తీసుకోబోమని దుకాణంలో చెప్పారు. బిల్లు మీద ఆ షరతు అచ్చువేసి ఉంది కాబట్టి నేను వాదించలేదు. ఆన్‌లైన్‌లో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొనేవారికి, కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలకు మించకపోతే డబ్బు వెనక్కి అడిగే వీలుంది. అయితే మెనూలు మూడో గంట తరువాత తెరుచుకునే ఇలాంటి గేమ్‌కు ఆ రెండు గంటలు సరిపోవు. పైగా ఆట ఆపి మెనూ చదువుతున్న సమయం కూడా అందులో లెక్కకు వస్తుంది.

అందుకే కొనేముందు ట్రైలర్‌ను నమ్మకుండా, ఎవరైనా ఆ గేమ్ ఆడుతూ కత్తిరించకుండా పెట్టిన వీడియోలో ఎనిమిదో గంటో పదో గంటో తెరిచి, ఒక అరగంట చూడండి. ఎవరైనా మాట్లాడుతుండగా పెట్టెలు వచ్చి పడుతున్నాయా, సంచిలో ఒక మందు తీయడానికి ఎన్ని బటన్లు నొక్కుతున్నారు, దారి అడిగితే మనుషులు నోటితో చెబుతున్నారా అన్నవి ఆ అరగంటలోనే తెలిసిపోతాయి. డిస్కు కొని తెచ్చుకున్నా సరే, ఈ పని అయ్యేదాకా కవరు చించకండి.

పాత డిస్కులు కొనే మరొక చోట దీనికి 1,800 రూపాయలు ఇస్తామన్నారు. నేనింకా ఇచ్చేయలేదు. ఆ పిల్లవాడు ఊట దగ్గరికి చేరాడా అని అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతూ ఉంటుంది.